ద్రాక్షతోటలో ఒక పూట

వైన్ తయారీ చూసొద్దామని మావారంటే ససేమిరా అన్నాను. తాగుడు మూలంగానే మా పుట్టింటి పొలం అమ్ముడుపోయింది మరి! "తాగమన్నానా? చూడమన్నాను" అన్నారు. అమ్మాయి కూడా ఆయనకే వత్తాసు. సరే, గోదావరమ్మ పుట్టిన త్ర్యంబకంలో దర్శనం చేసుకుని, నాసిక్ శివార్లలోని సులా తోటకెళ్ళాం. 2000లో తొలి వైన్ వచ్చిందట ఇక్కణ్ణించి.

నల్లద్రాక్ష చిదిమి చూడండి, రసానికి పెద్దగా రంగుండదు. రంగంతా తొక్కలోనే! అందుకే ఎర్ర వైన్‌కి తొక్కలతో సహా పులియబెడతారు. తెల్లదానికి ముందే రసం పిండేస్తారు. రసంలోని తీపిని ఈస్ట్ తినేసి ఆల్కహాల్ చేస్తుంది. మన ఇడ్లీపిండి పొంగినట్టే బుడగలూ, నురగా. కాకపోతే చలికాలం మనం పిండిగిన్నెకి దుప్పటి కప్పుతాం, వీళ్ళేమో వేడెక్కకుండా స్టీలు ట్యాంకుల్ని చల్లబరుస్తారు!

కోతలు చూడాలంటే జనవరి, మార్చి మధ్య వెళ్ళండి.

రుచి చూపించే చోట మావారు రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. అప్పటిదాకా నాకు ఊపిరాడలేదంటే నమ్మండి.

భోజనం ఇటలీ వంటలు. శాకాహారులైతే ముందే అడగండి. రిసొట్టో అనే ముద్దన్నంలో మామూలుగా వైన్ పోస్తారు. అసలైన పార్మెసాన్ చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో. నేను వెల్లుల్లి, ఆలివ్ నూనె పాస్తా తెప్పించుకుని, అమ్మాయి మొహం చిట్లిస్తున్నా ఎండుమిర్చి తునకలు దండిగా చల్లుకున్నాను. బావుంది సుమండీ!

వచ్చేటప్పుడు ఒక సీసా కొందామన్నారు. రెండు కిలోల ఎండుద్రాక్ష కొనిపించాను.