తవుడులో ఉంది భాస్వరం, కోడికి అందేది కొంచెం

ఈమధ్య కాట్రేనికోనలో కూలీల సమావేశం ముగిశాక ఒక చెల్లెమ్మ వచ్చి అడిగింది: "అన్నయ్యా, పెట్టల్ని కుక్కల భయానికి గూట్లోనే పెంచుతున్నా. నూకలూ తవుడూ పెడతన్నా, గుల్ల దంచి ఏస్తన్నా. అయినా కాళ్లు నిలబడటం లేదు. ఏం లోపమంటారు?" అనపర్తి వైపు కోళ్లఫారంలో దాణా కలిపి వచ్చిన కూలన్న మధ్యలో అందుకున్నాడు: "మాకక్కడ ఏదో పొడి ఇచ్చి చిటికెడంత కలపమనేవారండి. అదేంటో చెప్పేవారు కాదు."

ఇద్దరి మాటల వెనకా ఉన్న సంగతి ఒక్కటే: భాస్వరం.

ఎముక కరిగితేనే పెంకు

ఒక్క గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూట, పెట్ట మేత మేయని వేళ. అప్పుడది తన ఎముకను కొంత కరిగించి పెంకుకిస్తుంది. ఎముకలో కాల్షియంతో పాటు ఉన్న భాస్వరం రెట్టలో పోతుంది. పోయిన ఎముక తిరిగి కట్టుకోవాలంటే రెండూ కావాలి. గుల్ల కాల్షియం ఇస్తుందిగాని భాస్వరం ఇవ్వదు. అది అందకపోతే గుడ్లు తగ్గుతాయి, కాళ్లు పడిపోతాయి. ఒళ్లు కరిగించి ఒకరి కంచం నింపడం మన కూలోళ్లకు తెలియని సంగతి కాదు.

తవుడులో భాస్వరం లేదా? కిలోకు 15 గ్రాముల దాకా ఉంది. కాని కోడికి తేలిగ్గా అందేది 2 గ్రాములకు కాస్త పైన. మిగతాది ఫైటేట్ అనే పదార్థంలో బిగుసుకుని ఉంది. నూకల్లో అసలే తక్కువ. ఫారాల్లో వాడే మొక్కజొన్నలోనూ మూడో వంతుకు మించి అందదు. ఈ బిగువు విప్పే ఎంజైమ్ పేరు ఫైటేజ్. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి, కోడి పేగుల్లో చాలినంత లేదు. 1907లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని కనుక్కున్నదీ తవుడులోనే! బూజు నుంచి తయారుచేసి దాణా కోసం అమ్మడం మాత్రం 1991లో హాలండులో మొదలైంది.

అంతవరకూ లోటు పూడ్చింది డి.సి.పి. అనే డైకాల్షియం ఫాస్ఫేట్. దానికి ముడిసరుకైన ఫాస్ఫేటు రాయిలో ఎక్కువ భాగం మన దేశం దిగుమతి చేసుకుంటున్నదే. గ్రాముకు 5000 యూనిట్ల బలమున్న ఫైటేజ్ పొడి టన్ను దాణాకు 100 గ్రాములు కలిపితే, సుమారు 5 కిలోల డి.సి.పి. తగ్గించవచ్చు. రెట్టలో పోయే భాస్వరమూ తగ్గుతుంది. ఆ రెట్ట వానకు కొట్టుకుపోయి కాలువల్లో, చెరువుల్లో చేరితే నాచు పెరిగి చేపకు ఊపిరాడదు. వేట మీద బతికే బలుసుతిప్ప, పల్లం వారికి ఇది చిన్న విషయం కాదు.

కలిపే చేయి మాటేమిటి?

యజమానికి ఖర్చు తగ్గింది, మంచిదే. మరి కలిపే కూలీకి ఏం మిగిలింది? ఇరవై బస్తాల దాణాలో వంద గ్రాములు సమంగా కలపడం ఆషామాషీ పని కాదు. ముందు రెండు మూడు కిలోల పిండిలో కలిపి, దాన్ని పది ఇరవై కిలోల్లో కలిపి, ఆ తర్వాతే మొత్తంలో వేయాలి. లేకపోతే ఒక కోడికి ఎక్కువ, ఒక కోడికి సున్నా. అది నేర్పున్న పని, నేర్పుకు తగ్గ కూలి అడగడం న్యాయం. ఇంకో సంగతి: ఎంజైమ్ పొడి రోజూ పీలిస్తే కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. ముక్కూ నోరూ మూసే మాస్కు, చేతి తొడుగులు యజమానే ఇవ్వాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. సంచి మీద ఏం రాసుందో చదివి చెప్పమని అడగండి. ఒక్కరడిగితే కసురుకుంటారు, పదిమంది కలిసి అడగండి.

చెల్లెమ్మకు చెప్పింది ఇదీ: పొడి కొనక్కర్లేదు. ఉప్పు పెట్టని చేపల తలలు, ముళ్లు ఉడకబెట్టి, ఎండబెట్టి, మెత్తగా దంచి, కిలో మేతకు రెండు చెంచాలు కలుపు. అందులో కోడికి అందే భాస్వరం ఉంది. పగలు కాసేపు ఎండలో తిరగనివ్వు. ఒకేసారి నాలుగైదు పెట్టలు పడిపోతే మాత్రం అది రోగం కావచ్చు, ఆలస్యం చేయక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు.

"ఇంతేనా! ఇన్నాళ్లూ ముళ్లు దిబ్బలో పోస్తన్నానే" అంది చెల్లెమ్మ. కూలన్న మాత్రం లేవలేదు. "ఆ ఉబ్బసం మాట ఇంకోసారి చెప్పండన్నయ్యా, మా వాళ్లు ఇద్దరు దగ్గుతున్నారు" అన్నాడు. మా తర్వాతి సమావేశం ఆ మాటతోనే మొదలవుతుంది.