పాలు మాన్పించే వేళ పేగు జాగ్రత్త: పంది పిల్లలు నేర్పిన పాఠం



వానాకాలం వస్తే మా పిల్లల వార్డులో మంచాలు ఖాళీ ఉండవు. వచ్చేవారిలో చాలామంది ఏడాది లోపు, ఏడాదిన్నర లోపు పిల్లలు. "మొన్నటిదాకా బాగానే ఉంది సిస్టరమ్మా, అన్నం ముట్టించాక ఇలా అయింది" అని తల్లి అంటుంది. "తల్లి పాలు పడటం లేదని మాన్పించేశాం" అని పక్కనున్న అమ్మమ్మ చెబుతుంది.

అలా వచ్చిన ఒక పది నెలల పాపను మేము మరచిపోలేదు. నాలుగు రోజులుగా నీళ్ల విరేచనాలు. ఇంట్లోవాళ్లు మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి పోశారు. పాలు, జావ రెండూ ఆపి కాచిన నీళ్లు మాత్రం చెంచాతో పట్టారు. మా దగ్గరకు తెచ్చేసరికి పాప కళ్లు లోతుకు పోయాయి, ఏడ్వడానికి కూడా ఓపిక లేదు. ఆ రాత్రంతా సెలైన్ ఎక్కించాం. తెల్లవారాక ఓ.ఆర్.ఎస్. తాగింది, మధ్యాహ్నానికి తల్లి పాలు అందుకుంది. పాప బతికింది. ఆ తల్లి మమ్మల్ని ఒక్కటే అడిగింది: "నేను చేసిన తప్పేమిటమ్మా?"

ఆమెది తప్పు అనడానికి మాకు నోరు రాలేదు. కానీ పాలు మారే సమయంలో పేగులో ఏం జరుగుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి ఈసారి మీకు చెప్పాలనుకున్నాం. ఇందులో కొంత భాగం డెన్మార్క్ దేశంలో పంది పిల్లల మీద జరిగిన పరిశోధనలో ఉంది. ఆశ్చర్యపోకండి. కాస్త ఓపికగా చదవండి.

పంది పేగుకూ మన పేగుకూ పోలికేమిటి?

ఆవు, గేదె నెమరు వేసే జంతువులు. వాటి పొట్ట నాలుగు గదులుగా ఉంటుంది. పందికి మనలాగే ఒకే పొట్ట. మనలాగే గింజలు, దుంపలు, మాంసం అన్నీ తింటుంది. చిన్న పేగు పని చేసే తీరు కూడా చాలావరకు మనదే. అందుకే ఆహారం, పేగు గురించి తెలుసుకోవాలనుకునే శాస్త్రజ్ఞులు పందిని ఎంతో కాలంగా గమనిస్తున్నారు.

చిన్న పేగు లోపలి పొర మఖమల్ గుడ్డలా ఉంటుంది. దాని మీద సన్నని నూగులా లేచి ఉండేవాటిని చూషకాలు అంటారు. అరిగిన ఆహారాన్నీ, నీటినీ రక్తంలోకి పీల్చుకునేది అవే. నూగు పొడవుగా, ఒత్తుగా ఉంటే బిడ్డకు తిన్నది ఒంటబడుతుంది. నూగు అరిగిపోతే తిన్నది పేగులోనే నిలిచిపోతుంది.

అడవిలో పంది పిల్ల మూడు నాలుగు నెలలపాటు మెల్లమెల్లగా పాలు మానుతుంది. పెద్ద ఫారాలలో మూడు నాలుగు వారాలకే తల్లి నుంచి వేరు చేస్తారు. ఒక్క రోజులో తల్లి పోయింది, పాలు పోయాయి, చోటు మారింది, పక్కన కొత్త పిల్లలు. బెదిరిపోయిన పిల్ల మొదటి రోజు, రెండో రోజు సరిగా తినదు. పేగు పొరకు ఆహారం అందేది ఎక్కువగా లోపలి నుంచే. అందువల్ల ఆ రెండు మూడు రోజుల్లోనే చూషకాలు పొట్టిగా అయిపోతాయి. తరువాత ఆకలికి ఒక్కసారిగా గట్టి దాణా తింటుంది. అరిగించే రసాలు దానికి ఇంకా సిద్ధంగా ఉండవు. అరగని మాంసకృత్తులు కింది పేగుకు చేరి కుళ్లుతాయి. అక్కడ ఈ.కోలై అనే సూక్ష్మజీవులలో చెడ్డ రకాలు పెరిగి, పేగు గోడను అంటిపెట్టుకుని విషం వదులుతాయి. ఆ విషం వల్ల ఒంట్లోని నీరు పేగులోకి వచ్చేస్తుంది. అవే నీళ్ల విరేచనాలు. ఇదివరకు తల్లి పాలలోని రక్షక పదార్థాలు ఆ సూక్ష్మజీవులను పట్టి ఉంచేవి. ఇప్పుడు ఆ కాపలా లేదు.

మన బిడ్డల విషయంలో అంతా ఇలాగే జరుగుతుందని మేము అనడం లేదు. మన పిల్లల విరేచనాలకు చాలాసార్లు రోటా వంటి వైరస్‌లు కారణం. అయితే ఒక మాట రెండు చోట్లా నిజం. ఆహారం ఆగితే పేగు పొర దెబ్బతింటుంది, పాలు ఆగితే కాపలా పోతుంది. ఆ పాప ఇంట్లో ఈ రెండూ ఒకే రోజున ఆగిపోయాయి.

డెన్మార్క్‌లో ఏం కనిపెట్టారు?

హన్నె డామ్‌గార్డ్ పౌల్సెన్ డెన్మార్క్‌కు చెందిన శాస్త్రవేత్త. ఫౌలుమ్ అనే చోట ఉన్న పశు పరిశోధన కేంద్రంలో పని చేశారు. పాలు మాన్పించిన పంది పిల్లల దాణాలో జింక్ ఆక్సైడ్ కలిపి చూశారు. మంటలకు, ఒరుపులకు రాసే తెల్లని లేపనంలో ఉండేది కూడా ఈ జింక్ ఆక్సైడే. 1989లో ఆమె తన ఫలితాలు ప్రకటించారు. కిలో దాణాలో 2500 మిల్లీగ్రాముల జింకు ఉండేలా మొదటి రెండు వారాలు పెడితే విరేచనాలు బాగా తగ్గాయి, పిల్లలు బాగా పెరిగాయి.

ఆ వయసు పంది పిల్లకు పోషణ కోసం కావలసింది కిలో దాణాకు సుమారు 100 మిల్లీగ్రాములు. అంటే ఇక్కడ వాడింది అవసరానికి 25 రెట్లు. ఇంత మోతాదులో జింకు పోషక పదార్థంగా కాక మందుగా పని చేస్తుంది. కొద్ది ఏళ్లలో ఈ పద్ధతి చాలా దేశాలకు పాకింది.

అంతకు ముందు సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1955లో అమెరికాలోని అలబామాలో టకర్, సాల్మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పందులకు వచ్చే ఒక చర్మవ్యాధికి జింకు లోపమే కారణమని చూపారు. చర్మం మీద పొక్కులు కట్టి, పెరుగుదల ఆగిపోయిన పందులు జింకు ఇస్తే కోలుకున్నాయి. దాణాలో జింకు ఉన్నా గింజల పొట్టులోని ఫైటేట్ అనే పదార్థం దానిని పట్టేసి ఒంటికి అందనివ్వదు. మన దేశంలో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ ఇరాన్‌లో పొట్టిగా ఉండిపోయిన యువకులను పరీక్షించి, 1961లో ఆ సంగతి ప్రకటించారు. వాళ్లు తినేది ఎక్కువగా పులియబెట్టని గోధుమ రొట్టె. మనుషులలో కూడా జింకు లోపం ఉంటుందన్న ఆలోచన అక్కడ మొదలైంది.

మేము నర్సింగు డిప్లొమా చదివిన రోజుల్లో విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. గురించి నేర్పారు, జింకు మాట లేదు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి విరేచనాలు అవుతున్న పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తోపాటు 10 నుంచి 14 రోజులు జింకు ఇవ్వాలని చెప్పాయి. జింకు వల్ల విరేచనాలు త్వరగా తగ్గుతాయి. పిల్లలకు ఇచ్చే మోతాదు చాలా చిన్నది. 2020లో వెలువడిన ఒక పరిశోధనలో మన దేశంలోనూ, టాంజానియాలోనూ 4500 మంది పిల్లలకు వేర్వేరు మోతాదులు ఇచ్చి చూశారు. 20 మిల్లీగ్రాములంత బాగానే 10, 5 మిల్లీగ్రాములు పని చేశాయి, పైగా వాంతులు తగ్గాయి. కనుక "ఎక్కువ వేస్తే త్వరగా తగ్గుతుంది" అనుకోకండి. డాక్టరుగారు రాసినంతే వేయండి. రాసినన్ని రోజులూ వేయండి.

మంచి మందుకు వచ్చిన చిక్కు

పంది పిల్లలు తిన్న జింకులో చాలా భాగం ఒంటబట్టదు, పేడలో బయటికి వస్తుంది. ఆ పేడ పొలాలకు ఎరువు. జింకు లోహం కాబట్టి కుళ్లి పోదు. ఏటేటా నేలలో పేరుకుంటూ పోతుంది. ఇది మొదటి చిక్కు.

రెండవది ఆసుపత్రి వాళ్లుగా మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. జింకు ఎక్కువగా ఉన్నచోట దానిని తట్టుకునే సూక్ష్మజీవులే మిగులుతాయి. డెన్మార్క్ పందులలో దొరికిన ఒక రకం స్టాఫిలోకాకస్‌లో జింకును తట్టుకునే జన్యువూ, మెథిసిలిన్ జాతి యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువూ పక్కపక్కనే ఉన్నాయి. అంటే జింకు పెడుతుంటే, యాంటీబయాటిక్‌కు లొంగని సూక్ష్మజీవులను కూడా మనమే పెంచినట్టవుతుంది.

ఈ కారణాల వల్ల యూరోపియన్ యూనియన్ 2017లో ఈ మందును ఉపసంహరించాలని నిర్ణయించి ఐదేళ్లు గడువు ఇచ్చింది. 2022 జూన్‌తో గడువు ముగిసింది. ఇప్పుడు అక్కడ పంది పిల్లల దాణాలో జింకు మొత్తం కిలోకు 150 మిల్లీగ్రాములు దాటకూడదు. దాని బదులు రైతులు పాలు మాన్పించడం కాస్త ఆలస్యం చేస్తున్నారు, మొదటి వారాల్లో మాంసకృత్తులు తగ్గించి తేలికగా అరిగే దాణా పెడుతున్నారు, కొట్టాలు కడిగి ఆరబెడుతున్నారు, టీకాలు వేస్తున్నారు. ఇది తేలిక కాలేదు. 2022 తరువాత డెన్మార్క్‌లో పంది పిల్లల విరేచనాలకు నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడకం పెరిగింది. సులువైన మందు చేతికి వచ్చాక దానిని వదలడం ఎవరికైనా కష్టమే.

ఇది మన ఇంటి సంగతి ఎలా అవుతుంది?

2015లో చైనాలో పందులలోనూ, మాంసంలోనూ, రోగులలోనూ కొలిస్టిన్ అనే మందుకు లొంగని ఈ.కోలై దొరికింది. ఆ లొంగని గుణం ఒక సూక్ష్మజీవి నుంచి మరొక దానికి సులువుగా పాకే రకం. ఏ మందూ పని చేయనప్పుడు ఐ.సి.యు.లో చివరగా వాడేది కొలిస్టిన్. 2019 జూలైలో భారత ప్రభుత్వం ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు, చేపలు రొయ్యలకు దానిని వాడకుండా నిషేధించింది. మన సంఘ కుటుంబాలలో కోళ్లు, పందులు పెంచేవారు, రొయ్యల చెరువులు చేసేవారు ఉన్నారు. మీరు దాణాలో ఏ మందు కలిపినా పశువైద్యుని అడిగి కలపండి.

ఇళ్లలో కూడా మనం అదే పొరపాటు చేస్తున్నాం. వైరస్ వల్ల వచ్చిన విరేచనాలకు యాంటీబయాటిక్ పని చేయదు. అది పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపుతుంది, లొంగని వాటిని మిగులుస్తుంది. రేపు ఆ బిడ్డకే నిజంగా ఆ మందు అవసరమైతే అది పని చేయకపోవచ్చు. విరేచనంలో రక్తం పడినప్పుడు, కలరా అని అనుమానం వచ్చినప్పుడు, ఇంకా కొన్ని సందర్భాలలో యాంటీబయాటిక్ కావాలి. అది డాక్టరుగారు చూసి చెప్పవలసిన మాట. మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

తల్లులకు మేము చెప్పేది

1. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టండి. పిండి పారబోయకండి. ఆరు నెలలు నిండేవరకు తల్లి పాలు తప్ప నీళ్లు కూడా వద్దు.

2. ఆరు నెలలు నిండాక మెత్తని జావ, పప్పు కలిపి మెదిపిన అన్నం కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. ఒక్కొక్క కొత్త పదార్థం చేర్చుకుంటూ పోండి. తల్లి పాలు మాత్రం రెండేళ్ల వరకు, ఆ పైన కూడా కొనసాగించండి. ఒక్క రోజులో మాన్పించకండి.

3. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించండి. పులిసిన పిండితో ఇడ్లీ పెట్టండి. మొలకెత్తినా, పులిసినా ఫైటేట్ తగ్గి జింకు, ఇనుము బాగా ఒంటబడతాయి.

4. విరేచనాలు మొదలైతే వెంటనే ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో పట్టండి.

5. తల్లి పాలు ఆపకండి. అన్నం, జావ ఆపకండి. పేగు నూగు మళ్లీ పెరగాలంటే లోపలికి ఆహారం వెళ్లాలి.

6. విరేచనాలు తగ్గినా జింకు మాత్రలు డాక్టరుగారు చెప్పినన్ని రోజులు పూర్తి చేయండి.

7. రోటా వైరస్ టీకా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. ఆరు, పది, పద్నాలుగు వారాలకు చుక్కలు వేయించండి.

8. బిడ్డకు పెట్టే ముందు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, పశువుల దగ్గర పని చేశాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

కళ్లు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, పొట్ట మీది చర్మం గిల్లి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటున్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఒక్క పూట కూడా ఆగకండి. రాత్రయినా సరే, బిడ్డను ఎత్తుకుని రండి. దారి పొడుగునా ఓ.ఆర్.ఎస్. చెంచాతో పడుతూనే ఉండండి.

ఆ తల్లి ప్రశ్నకు ఆనాడు మేము ఇచ్చిన జవాబు ఇదే: "బిడ్డ పేగుకు తోడుగా ఉన్న రెండింటినీ, నీ పాలనూ, నువ్వు కాచిన జావనూ, భయపడి దూరం చేశావు. ఇకమీదట భయం వేసినప్పుడు అవే ముందు దగ్గరకు తీసుకో." డిశ్చార్జి రోజున ఆమె రెండు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు అడిగి తీసుకుంది. ఒకటి తన ఇంటికి, ఇంకొకటి పక్కింటి చంటిబిడ్డ తల్లికి అని చెప్పింది. మీ ఇంట్లో కూడా ఒక ప్యాకెట్టు ఎప్పుడూ ఉంచుకోండి.