లేజర్ కన్నా కెమెరాయే ఘనం

నార్వే తీరంలో సాల్మన్ చేపలను పెంచే వల పంజరం ఒక్కోదానిలో 2 లక్షల దాకా చేపలుంటాయి. వాటి ప్రధాన శత్రువు సముద్రపు పేను. పేరుకు పేనే గానీ కీటకం కాదు, రొయ్యలకూ పీతలకూ చుట్టం. చేప ఒంటి జిగురునూ చర్మాన్నీ నెత్తురునూ తిని బతుకుతుంది. సెంటీమీటరు పొడవుండే ఆడపేను వెనక రెండు గుడ్ల సరాలు వేలాడుతుంటాయి, వాటిలో వందల గుడ్లు. పిల్లపేలు నీటివాలున కొట్టుకుపోయి పక్క పంజరాల చేపలనూ, నదుల్లో పుట్టి కడలికి వలసపోయే సాల్మన్ పిల్లలనూ పట్టుకుంటాయి. అందుకే చేపకు సగటున 0.5 కన్నా ఎక్కువ ఎదిగిన ఆడపేలు ఉండరాదని అక్కడి నిబంధన. వలసలు సాగే వసంతంలో ఆ హద్దు 0.2కు తగ్గుతుంది.

మందులు వాడేకొద్దీ పేలు వాటికి అలవాటు పడ్డాయి. వేడినీళ్లలో ముంచడం, నీటిధారతో కడగడం వల్ల పేలు రాలినా చేపలు దెబ్బతింటున్నాయి. ఈ చిక్కుల నడుమ పుట్టిందే, పేలను లేజర్‌తో కాల్చే యంత్రం చేయాలన్న నార్వే ఆవిష్కర్త ఎస్బెన్ బెక్ ఆలోచన. స్టింగ్‌రే పేరుతో 2014లో మార్కెట్‌కొచ్చిన ఆ యంత్రం పంజరంలో వేలాడుతూ, జంట కెమెరాలతో ఎదురుగా ఈదే చేపలను పరికిస్తుంది. పేను కనబడగానే ఆకుపచ్చ లేజర్ కాంతిని దానిమీద గురిపెడుతుంది. మెరిసే పొలుసు ఆ కాంతిని తిప్పికొడుతుంది, ముదురు రంగు పేను పీల్చుకుని ఉడికిపోతుంది.

దీనిమీద అభ్యంతరాలు న్యాయమైనవే. చర్మానికి అంటుకున్న చిన్న పిల్లపేలు కెమెరాకు సులువుగా చిక్కవు. కెమెరా ముందుకు రాని చేపకు వైద్యం లేదు. పక్క పంజరాల నుంచి కొత్త పేలు వస్తూనే ఉంటాయి. కాబట్టి లేజర్ ఒక్కటే పేను బెడదను తీర్చేస్తుందనడం అత్యాశ. అయితే యంత్రం అసలు విలువ కాల్చడంలో కన్నా చూడడంలో ఉంది. చేత్తో లెక్కించేటప్పుడు పంజరానికి 20 చేపలను పట్టి, మత్తునీళ్లలో ఉంచి పేలను ఎంచుతారు. 2 లక్షల్లో 20 అంటే పదివేలకు రెండు కూడా కాదు, ఒక్కటే. పేలు కొన్ని చేపలమీదే గుమిగూడితే ఆ సగటు తప్పుదోవ పట్టిస్తుంది. కెమెరా ముందుకొచ్చే చేపలు మాత్రం మందకంతటికీ ప్రతినిధులా అని అడగొచ్చు. కాకపోవచ్చు. కానీ వలకు చిక్కినవీ అంతే. పైగా కెమెరా చేపను ముట్టుకోకుండా రోజూ చూస్తుంది గనుక, అంకెలో కొంత తేడా ఉన్నా పెరుగుదల దిశ ముందే తెలుస్తుంది. హద్దు దాటాక చేపను హింసించే వైద్యానికి దిగేకన్నా, దాటబోతున్నదని ముందే పసిగట్టడం చేపకూ రైతుకూ మేలు.