పిల్లల చెవుడు - పెండ్రిన్ జన్యువు

రెండేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాకపోతే "వాళ్ల అబ్బాకూ ఆలస్యంగానే వచ్చాయి, వస్తాయిలే" అని ఇంట్లో పెద్దలు సర్దిచెబుతారు. పిలిస్తే పలకకపోతే మొండితనం అనుకుంటారు. తీరా చెవుడని తేలాక నింద తల్లి మీద పడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనో, తినకూడనిది తిన్నదనో అంటారు. ఇది చాలా అన్యాయం. పుట్టుచెవుడు కేసుల్లో సగానికి పైగా కారణం జన్యువుల్లో ఉంటుంది. అలాంటి జన్యువుల్లో ఒకదాని గురించి దాతలు తెలుసుకుంటే, మనం చేసే సాయం సరైన వేళకు అందుతుంది.

దాని పేరు ఎస్ఎల్‌సీ26ఏ4. ఏడో క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాని ఆదేశంతో తయారయ్యే ప్రోటీన్ పెండ్రిన్. ఇది కణం పొరలో కూర్చుని క్లోరైడ్, బైకార్బనేట్, అయోడైడ్ అనే అయాన్లను, అంటే విద్యుదావేశం గల కణికలను, అటూ ఇటూ మార్పిడి చేస్తుంది. లోపలి చెవిలోని ద్రవానికి బైకార్బనేట్ అందించేది ఇదే. పెండ్రిన్ పనిచేయకపోతే, బిడ్డ కడుపులో ఉండగానే ఆ ద్రవం ఎక్కువై చెవిలోని సంచి, గొట్టం ఉబ్బుతాయి. వాటి చుట్టూ ఉన్న ఎముక కాలువ కూడా వెడల్పుగా ఏర్పడుతుంది. ఇది స్కానింగ్‌లో కనబడుతుంది. థైరాయిడ్ గ్రంథిలోనూ ఈ ప్రోటీనుకు పని ఉంది కనుక, కొందరికి పెద్దయ్యేటప్పుడు గొంతు దగ్గర వాపు వస్తుంది. అందరికీ రాదు.

చెవుడు, గొంతు వాపు కలిసి ఉన్న అక్కచెల్లెళ్లను గురించి 1896లో ఇంగ్లండులోని డర్హం వైద్యుడు వాన్ పెండ్రెడ్ రాశారు. జన్యువు దొరకడానికి 1997 దాకా పట్టింది. నూరేళ్లు!

తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న ప్రతి చేరితేనే జబ్బు వస్తుంది. ఇద్దరికీ వినికిడి బాగానే ఉంటుంది, కానీ ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఖాలా, మామూ, ఫూఫీ పిల్లల మధ్య సంబంధాలు మన ఇళ్లలో మామూలే. మేనరికం పేరుతో ఇతర తెలుగు కుటుంబాల్లోనూ ఉన్నవే. దగ్గరి బంధువుల్లో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. అలాగని బంధువుల పెళ్లిళ్లన్నిటా ఇలాగే జరుగుతుందని కాదు. ఒక బిడ్డకు చెవుడుంటే మాత్రం తర్వాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవాలి.

ఈ పిల్లల్లో కొందరు పుట్టినప్పుడు కొంత వింటారు. తర్వాత మెట్లు దిగినట్టు వినికిడి పడిపోతుంది. తలకు చిన్న దెబ్బ తగిలినా అలా జరగవచ్చు. అందుకే తలకు దెబ్బలు తగిలే ఆటలు వద్దంటారు డాక్టర్లు. సైకిలెక్కితే హెల్మెట్ తప్పనిసరి.

పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది నిపుణుల మాట. వినికిడి యంత్రంతో చాలని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ బాగా ఉపయోగపడుతుంది. ఆపరేషనుకు డబ్బిచ్చి ఊరుకుంటే బిడ్డకు మాటలు రావు. ఆ తర్వాత నెలల తరబడి మాటల శిక్షణ, పరికరం సర్దుబాట్లు, బ్యాటరీలు, విడిభాగాల ఖర్చు ఉంటుంది. కూలికి వెళ్లే తల్లి వారం వారం బిడ్డను ఎత్తుకుని శిక్షణకు వెళ్లాలంటే ఆ పూట కూలీ, బస్సు ఛార్జీ కూడా చూడాలి.