యుద్ధ విలేకరి – సత్యం – సైనిక నాయకత్వం

యుద్ధ సమయంలో ‘దేశ భద్రత’ పేరుతో ప్రభుత్వాలు కొన్ని వార్తలను నిలిపివేస్తాయి. అలా నిలిపివేసిన ప్రతి వార్తా సైనికుల ప్రాణాలను కాపాడుతుందా, లేక కొన్ని సేనాధిపతుల పరువును మాత్రమే కాపాడతాయా? ఈ తేడాను అర్థం చేసుకోవడానికి క్రిమియా యుద్ధాన్ని (1853-56) పరిశీలిద్దాం.

ఈ యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీలు కలిసి రష్యాతో పోరాడాయి. లండన్‌లోని ‘ది టైమ్స్’ పత్రిక 1854లో విలియం హోవర్డ్ రస్సెల్‌ను తన విలేకరిగా యుద్ధరంగానికి పంపింది. అంతకు ముందు పత్రికలు యుద్ధ వార్తల కోసం ఎక్కువగా సైనికాధికారుల లేఖలపై ఆధారపడేవి. రస్సెల్ తాను చూసినదీ, సైనికులను అడిగి తెలుసుకున్నదీ రాశాడు.

1854 అక్టోబరు 25న బాలక్లావా వద్ద యుద్ధం జరిగింది. శత్రువు ఫిరంగులను తరలించుకుపోకుండా అడ్డుకోవాలని బ్రిటిష్ సేనాని లార్డ్ రాగ్లన్ అశ్వికదళానికి ఉత్తర్వు పంపాడు. ఏ ఫిరంగులో అందులో స్పష్టంగా లేదు. కొండపైనున్న రాగ్లన్‌కు కనిపించినవి లోయలో ఉన్న అశ్వికదళాధిపతి లార్డ్ లూకన్‌కు కనిపించలేదు. ఫలితంగా సుమారు 670 మంది ఆశ్వికులు వేరే దిశలో, రష్యన్ ఫిరంగుల ఎదుటికే దూసుకుపోయారు. వంద మందికి పైగా మరణించారు. రస్సెల్ వారి ధైర్యాన్ని కీర్తించాడు. జరిగిన నష్టాన్ని మాత్రం దాచలేదు. సైనికుల శౌర్యం, నాయకుల సామర్థ్యం రెండూ వేర్వేరని ఈ సంఘటన తెలుపుతుంది.

ఆ చలికాలంలో బాలక్లావా రేవుకు సరుకులు చేరినా, బురద దారుల వల్ల కొద్ది మైళ్ల దూరంలోని శిబిరాలకు అవి సరిగా అందలేదు. పోరులో కంటే వ్యాధులతోనే ఎక్కువ మంది సైనికులు చనిపోయారు. రస్సెల్ ఈ దుస్థితిని వివరంగా రాశాడు.

ఈ వార్తలు శత్రువుకు ఉపయోగపడుతున్నాయని రాగ్లన్ ఫిర్యాదు చేశాడు. ఈ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. దళాలు ఎక్కడున్నాయో, మందుగుండు ఎంత ఉందో పత్రికలో వస్తే శత్రువుకు లాభమే. కానీ సైనికులకు దుప్పట్లు అందలేదన్న వార్త అటువంటిది కాదు. దాన్ని దాచితే చలిలో ఉన్నవారికి మేలు జరగదు. బాధ్యులు మాత్రం తప్పించుకుంటారు.

1855 జనవరిలో బ్రిటిష్ పార్లమెంటు 305-148 ఓట్లతో ఈ యుద్ధ నిర్వహణపై విచారణ కోరింది. అబర్డీన్ ప్రభుత్వం రాజీనామా చేసింది. అయితే, శత్రువుకు ఉపకరించే వివరాలు ప్రచురించరాదని 1856 ఫిబ్రవరిలో సైన్యం ఉత్తర్వు జారీ చేసింది. ఏది ఉపకరిస్తుందో నిర్ణయించే అధికారం కూడా సైన్యానిదే. అసలు సమస్య ఇక్కడే ఉంది: తన తప్పు గురించి వచ్చిన వార్తకు సేనాధిపతి తానే న్యాయనిర్ణేత అవుతాడు.

1858లో రస్సెల్ భారతదేశానికి వచ్చాడు. తిరుగుబాటును అణచివేసే సమయంలో తన దేశీయులు చేసిన క్రూర ప్రతీకారాలను కూడా విమర్శించాడు. సొంత పక్షం గురించి రాసేటప్పుడే విలేకరి నిజాయితీ పరీక్షకు నిలుస్తుందని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఇటీవల మీరు చదివిన ఒక యుద్ధ వార్తను తీసుకోండి. దానిని ప్రచురించకపోతే ఎవరికి రక్షణ కలిగేది: సైనికులకా, నాయకులకా? కారణాలతో ఐదు వాక్యాల్లో రాయండి.