పిలిచినవారి పూచీ

శుభలేఖలో కంటికి మొదట కనబడునవి వధూవరుల పేర్లు. పిమ్మట ముహూర్తము, కల్యాణమండపము, విందువేళ. అన్నిటికిని అడుగున 'ఆహ్వానించువారు' అను మాటయు, దాని చెంతనే ఇంటిపెద్ద పేరును ఉండును. ఆ పేరు మర్యాదకొరకు అచ్చువేయించినదని మనము తలంతుము. కాని ఆ పిలుపు నందుకొని వచ్చినవారికి పందిరిక్రింద అపాయమేదైన వాటిల్లి, వ్యవహారము న్యాయస్థానపు గడప నెక్కినపుడు, ఆ పేరునకు మర్యాదకు మించిన అర్థమొకటి కలదని తెలియవచ్చును. తెలుగులో దానికి చక్కని మాట యున్నది: పూచీ.

కొన్ని సంవత్సరముల క్రిందట కృష్ణాతీర గ్రామమొకదానిలో మా బాబాయి యింట ఉపనయనము జరిగినది. తాటాకు పందిళ్ల కాలము గతించినది గనుక షామియానా వేయించిరి. నడుమ కరెంటు పోవునేమో యని జనరేటరు తెప్పించిరి. ఆ జనరేటరు నుండి వంటశాలకు లాగిన తీగె దారికడ్డముగా పడియుండగా, భోజనమునకు పోవుచున్న వృద్ధుడొకడు కాలికి తగిలి బోర్లపడెను, తుంటియెముక విరిగెను. మా బాబాయి మొదట జనరేటరువానిని నిలదీసెను. వాడు టెంట్‌హౌస్ వారిని చూపెను. వారు తీగె నటు లాగుమన్నది వంటమేస్త్రి యనిరి. వంటమేస్త్రి అప్పటికే గరిటెలు మూటగట్టుకొని తరువాతి పెండ్లికి పోయియుండెను. ఈ వాదము సాగుచుండగా ఆ వృద్ధుని కుమారుడు, కంఠమున కోపమేమియు లేకుండగనే, ఒక్క మాట పలికెను: "బాబాయిగారూ, ఆ జనరేటరు వాడెవడో మాకు తెలియదండీ. మీరు పిలిచారు, మేం వచ్చాం." ఆ యేటి మినుముల సొమ్మంతయు ఆసుపత్రికే పోయినది.

ఆ గ్రామీణ యువకుని మాటనే వేరొక సందర్భమున, మిక్కిలి ఘోరమైన విషయమున, భారత సర్వోన్నత న్యాయస్థానము 2022వ సంవత్సరమున పలికియున్నది. మీరట్ నగరమున విక్టోరియా పార్కులో వినియోగవస్తువుల ప్రదర్శన యొకటి జరుగుచుండగా, 2006 ఏప్రిల్ 10వ తేదీన, ఆ ప్రదర్శన ముగియనున్న చివరిదినమున, గుడ్డతో కప్పిన విశాలమైన పందిళ్లకు నిప్పంటుకొని 65 మంది ప్రాణములు గోల్పోయిరి. నిర్వాహకుల వాదమేమనగా, పందిళ్లు వేయుటయు, విద్యుత్తు అమర్చుటయు సమస్తమును తాము కాంట్రాక్టరున కొప్పగించితిమనియు, అతడు స్వతంత్రుడు గావున లోపము కలిగినచో అది అతనిదేగాని తమది కాదనియు. న్యాయస్థాన మీ వాదము నంగీకరింపలేదు. ప్రదర్శనకు వచ్చినవారు నిర్వాహకుల ఆహ్వానముపై వచ్చిరేగాని కాంట్రాక్టరు ఆహ్వానముపై రాలేదని తేల్చి, నష్టపరిహారములో నూటికి 60 వంతులు నిర్వాహకులును, 40 వంతులు రాష్ట్రప్రభుత్వమును భరింపవలెనని నిర్ణయించినది. అగ్నిప్రమాదమునకును ఆ తీర్పునకును నడుమ 16 ఏండ్లు గడచినవి. పూచీకి ముసలితనము లేదని దీనివలన గ్రహింపవచ్చును. ఆనాటి నిర్వాహకుడు వ్యాపారము మానుకొన్నను, ఊరు విడిచిపోయినను, కాగితము మాత్రము అతనిని వెదకుకొనుచు వచ్చుచునే యుండును.

వారు వర్తకులు, లాభమునకై ప్రదర్శన పెట్టినవారు, మనకేమి యని పాఠకుడనవచ్చును. 1995 డిసెంబరు 23వ తేదీన హర్యానాలోని మండీ డబ్వాలీ పట్టణమున జరిగినది వర్తకము కాదు; ఒక పాఠశాల వార్షికోత్సవము. పెండ్లిమండపమొకటి అద్దెకు గైకొని, పిల్లలకు బహుమతులు పంచిపెట్టుచుండగా, నూలుగాని వస్త్రముతో వేసిన పందిరికి మంటలంటుకొని, బయటపడుటకు దారి చాలక, నాలుగు వందలకు పైబడిన జనము మాడిపోయిరి; వారిలో అధికసంఖ్యాకులు పసివారు. ఆ నష్టపరిహారమును పాఠశాల యాజమాన్యమును, ప్రభుత్వమును పంచుకొనవలెనని పంజాబు హర్యానా ఉన్నత న్యాయస్థానము 2009లో తీర్పు చెప్పినది. విద్యాదానము చేయు సంస్థ యని ఆ పూచీ తగ్గలేదు.

మన వైపునకు వత్తము. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూరులో కృష్ణాష్టమి రథము విద్యుత్తు తీగెకు తగిలి ఐదుగురు మరణించిన దుర్వార్త పలువురకు జ్ఞప్తియందుండియే యుండును. ఇట్టి ఉత్సవముల పూచీ ఎవరిది? వినాయక చవితి వచ్చినదన్న వీధివీధికిని ఒక యువజన సంఘము పుట్టును, దానికి రసీదు పుస్తకముండును, ఫ్లెక్సీ యుండును, అందు అధ్యక్ష కార్యదర్శుల చిత్రములుండును, రిజిస్ట్రేషను మాత్రముండదు. రిజిస్టరు కాని సంఘమునకు చట్టముదృష్టిలో వేరొక శరీరము లేదు. దాని తరఫున చేసిన పనికి ఉత్తరవాదులు ఆ ఫ్లెక్సీమీద చిరునవ్వు చిందించు మనుష్యులే. ఈ సంగతి తెలిసినచో కొందరు తమ చిత్రమును తొలగింపుమని వేడుకొందురేమో!

ఇందొక వైపరీత్యము కలదు. మన దేశమున రెండు చక్రముల మోటారుబండి వీధిలోనికి రావలెనన్నను, దారినిపోవువానికి కలుగు హానికై బీమా ఉండితీరవలెనని మోటారు వాహనముల చట్టము శాసించుచున్నది. భోపాలు విషవాయు దురంతము పిమ్మట, అపాయకరములైన పదార్థములతో వ్యవహరించు సంస్థలు ప్రజలకొరకు బీమా చేయింపవలెనని 1991లో వేరొక చట్టము చేసిరి. వేయిమంది అతిథులను ఒక్క గుడ్డకప్పు క్రింద కూర్చుండబెట్టి, ప్రక్కనే గ్యాసు పొయ్యిలు వెలిగించి, తలలపై వందల దీపములు వ్రేలాడదీయు గృహస్థునకు మాత్రము సామాన్యముగా అట్టి నిర్బంధమేదియు లేదు. నిర్బంధము లేదు గనుక అవసరమును లేదని మనము భ్రమించితిమి.

బాధ్యతా బీమా యనగా నేమి? మన సంస్థలు 'పబ్లిక్ లయబిలిటీ' యని పిలుచు ఈ పాలసీ, ఉత్సవము జరుపువాని అజాగ్రత్తవలన అన్యులకు దేహహానిగాని, ఆస్తినష్టముగాని కలిగి, చట్టప్రకారము అతడు పరిహార మీయవలసివచ్చినపుడు, ముందు నిర్ణయించుకొన్న మొత్తమునకు లోబడి, ఆ పరిహారమును తాను చెల్లించును. వ్యాజ్యమును ఎదుర్కొనుటకగు న్యాయవాది వ్యయమును గూడ సాధారణముగా భరించును. తప్పులేనివానిపైనను దావా పడవచ్చును గనుక ఈ రెండవది మొదటిదానికంటె తక్కువ యుపకారము కాదు. పెండ్లిండ్లకును, సభలకును, కచేరీలకును మన సాధారణ బీమా సంస్థలు అమ్ము పాలసీలలో ఇది యొక భాగముగా నుండును. తక్కిన భాగములు వేడుక ఆగిపోయినచో అడ్వాన్సుల నష్టము, నగలు, అలంకరణ సామగ్రి, అగ్నిభయము మొదలగువానికి సంబంధించినవి. నేను గమనించినంతవరకు మనవారు నగల మాట అడుగుదురు, అడ్వాన్సుల మాట అడుగుదురు. అతిథి మాట ఏజెంటు చెప్పినను వినిపించుకొనరు.

మరియొక భ్రాంతి కలదు. ప్రమాదబీమాయు, బాధ్యతా బీమాయు ఒక్కటే యనుకొనుట. ముంబయి కింగ్స్ సర్కిలులోని జి.ఎస్.బి. సేవామండలి గణపతికి 2025లో 474.46 కోట్ల రూపాయల బీమా చేయించిరని పత్రికలలో వచ్చినపుడు చదివినవారందరు నోరు తెరచిరి. ఆ మొత్తములో సింహభాగము, అనగా 375 కోట్లు, కార్యకర్తలు, అర్చకులు, వంటవారు మొదలగువారి వ్యక్తిగత ప్రమాదబీమా. స్వామివారి బంగారము, వెండి, రత్నములకు సుమారు 67 కోట్లు. వచ్చిపోవు జనముపట్ల మండలి పూచీకై తీసికొన్న ప్రజాబాధ్యతా బీమా 30 కోట్లు. మొదటిది తప్పెవరిదను ప్రశ్న లేకుండ, పేరున్నవానికి నిర్ణీతమైన సొమ్ము నిచ్చును. చివరిది పేరు తెలియని జనునికొరకు, నిర్వాహకుని తప్పు ఋజువైనపుడు పనిచేయును. పెండ్లికి వచ్చిన మేనత్త తనంతట తాను తల తిరిగి పడినచో ఈ పాలసీ పలుకదు. మెట్లపై నీరు తుడువనందున జారిపడినచో పలుకును.

ఇక నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపిన షరతునుగూర్చి కొంత తీరికగా చెప్పవలెను. ప్రమాదము జరిగిన తోడనే, సంస్థవారి వ్రాతపూర్వకమైన అనుమతి లేక, తప్పు తనదని పాలసీదారు ఒప్పుకొనరాదు. పరిహారమిత్తునని మాట యీయరాదు. బేరమాడి సర్దుబాటు చేసికొనరాదు. అంగడివ్యవహారమున ఇది సహజమే. సొమ్ము చెల్లించువాడొకడు, మాట యిచ్చువాడు వేరొకడు అయినచో ఏ లెక్కయు నిలువదు. కాని మన యింటి మర్యాదకు ఇది ఎంత విరుద్ధమో చూడుడు. పడినవానిని లేవనెత్తుచునే మన గృహస్థుని నోట వెలువడు మొదటిమాట, "అయ్యయ్యో, తప్పు మాదేనండీ, ఖర్చంతా నేను చూసుకుంటాను." ఎదుటివాడు వియ్యంకుని తమ్ముడైనచో ఆ మాట రెండుమారులు వెలువడును. ఈ సత్పురుషుని సౌజన్యమే అతని క్లెయిమునకు ఎసరు పెట్టవచ్చును. అట్లని గాయపడినవానిని వదలి పాలసీ కాగితము వెదకికొనవలెనని నే ననను. ఆసుపత్రికి తీసికొనిపోవుట, ప్రథమచికిత్స చేయించుట మనుష్యధర్మము. దానిని షరతేదియు వలదనదు. ఆదరము చూపుట వేరు, తీర్పు చెప్పుట వేరు. "ముందు ఆసుపత్రికి పదండి, నేనున్నాను" అని చెప్పి, ఆనాడే సంస్థకు వర్తమానమంపి, చిత్రములు తీయించి, చూచినవారి పేర్లు వ్రాసికొని, ఒప్పుకోలు మాట మాత్రము నాలుకపై నాపుకొనుట చాలును. ఇది చదువుటకు సులభము. పెండ్లిపందిట్లో పదిమంది చూచుచుండగా ఆచరించుట కష్టమే.

పాలసీ పలుకని తావులు అనేకములు. ఉద్దేశపూర్వకముగా చేసిన హాని, జరిమానా, నేరమునకు విధించిన శిక్ష దీనికి వెలుపలివి; నిర్లక్ష్యమువలన ప్రాణహాని కలిగినచో భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను క్రింద వచ్చు కేసును ఏ సంస్థయు తన తలపై వేసికొనజాలదు. మీరు కూలికి పెట్టుకొన్న పనివారి గాయములకు వేరు పాలసీ కావలెను. బాణసంచా, అనుమతి లేని కట్టడములు, పోలీసువారు చెప్పిన సంఖ్యకు మించిన జనము, ఇట్టివానిని పెక్కు పాలసీలు మినహాయించును, లేదా అదనపు ప్రీమియముపై చేర్చును. కావున చిన్న అక్షరములను చదువకుండ సంతకము చేయుట కంటె పాలసీ లేకుండుటయే మేలు. లేదని తెలిసినవాడు కనీసము జాగ్రత్తగా నుండును.

సముద్రములు దాటిపోయిన మన తెలుగువారి కీ పాఠము ముందే అబ్బినది. అమెరికాలో బిడ్డకు ఓణీల వేడుక చేయదలచి హాలు అద్దెకడిగినచో, అనేక స్థలములందు హాలువారు మొదట కోరునది బీమా ధ్రువపత్రము; అందు తమ పేరును అదనముగా చేర్చియుండవలెనని గూడ పట్టుబట్టుదురు. మనవారు విస్తారముగా నివసించు న్యూజెర్సీ రాష్ట్రమున సర్వోన్నత న్యాయస్థానము 1984లోనే ఒక తీర్పు చెప్పినది: ఇంటికి వచ్చిన అతిథికి మత్తెక్కినదని యెరిగియు, కారు నడుపవలసినవాడని యెరిగియు, ఇంకను మద్యము పోసిన గృహస్థుడు, ఆ అతిథి దారిలో చేసిన ప్రమాదమునకు బాధితులకు ఉత్తరవాది కాగలడని. అతిథి గుమ్మము దాటిన పిమ్మటను పూచీ వెంటనంటి పోయినది.

శుభమా యని పెండ్లి చేయుచు అపాయముల మాట ఏల యని పెద్దలు కసురుకొందురు. పెండ్లికూతురు బుగ్గపై దిష్టిచుక్క పెట్టునదియు ఆ పెద్దలే. చెరుపు కలుగవచ్చునని ఒప్పుకొన్నందుననే గదా ఆ చుక్క! అయినను ఒక్క సంగతి నొక్కి చెప్పవలెను. బీమా నిప్పు నార్పదు, మెట్లు తుడువదు, రెండవ ద్వారము తెరువదు. పందిరికి రెండు దారులు విడువక, పాలసీ యున్నదను ధీమాతో కూర్చుండువాడు దిష్టిచుక్క పెట్టి బిడ్డను నూతి గట్టున ఆడనిచ్చువానితో సమానుడు.

కావున, రాబోవు మాఘమునకో శ్రావణమునకో ముహూర్తము పెట్టుకొన్నవారికి నా విన్నపము. కల్యాణమండపమున కడ్వాన్సు ఇచ్చునపుడే అగ్నిమాపక శాఖవారి అనుమతిపత్రము చూపుమని అడుగుడు. మండపమునకు ప్రజాబాధ్యతా బీమా ఉన్నదా, అది అద్దెకు తీసికొన్నవారికి గూడ వర్తించునా యని అడుగుడు. వర్తింపనిచో మీరు వేరుగ తీసికొనుడు. అందు పాలసీదారు పేరు శుభలేఖలోని పేరే యుండునట్లు చూచుకొనుడు; సంఘమైనచో సభ్యులందరి పేర్లును వ్రాయించుడు. కాలావధిని పెండ్లిదినమునకు మాత్రమే పరిమితము చేయక, పందిరిరాట పాతిన దినమునుండి పందిరి విప్పి సామాను లారీ కెక్కించిన దినమువరకు పెట్టించుడు. గుంజలు నిలుపునపుడును, కూల్చునపుడును గూడ ఆ దారిని మనుష్యులు నడచుచునే యుందురు.