మరణదండితుని వ్రాఁతపుస్తకము

దినచర్య వ్రాయువాఁడు సామాన్యముగాఁ దన్నుగూర్చియే వ్రాసికొనును. భగత్ సింగు లాహోరు కేంద్ర కారాగారమున నుంచుకొనిన వ్రాఁతపుస్తక మట్టిది కాదు. చెఱలోఁ బడిన కష్టముల యేకరు విందుఁ గానరాదు. ఇది ప్రధానముగాఁ జదివిన గ్రంథములనుండి యెత్తి వ్రాసికొనిన వాక్యముల సంపుటము. అయినను నొక మనస్సు పెరిగిన తీరు దీనివలనఁ దెలియుచున్నది.

1907వ సంవత్సరమున జన్మించిన భగత్ సింగు 1929 ఏప్రిల్ 8వ తేదిని ఢిల్లీ శాసనసభలో బాంబు వేసి పట్టువడెను. జూను మాసమున నతనికి యావజ్జీవ ద్వీపాంతరవాసము విధింపఁబడెను. పిమ్మట నతఁడును సహచరులును జెఱలో నిరశనవ్రతము పూనిరి. పుస్తకములు, వార్తాపత్రికలు కావలెననుటయు వారి కోరికలలో నొకటి. 404 పుటల యీ పుస్తకము 1929 సెప్టెంబరు 12వ తేదిని జేరినట్లు మొదటనే యతని సంతకము గలదు. ఆ మఱునాఁడే జతీంద్రనాథ దాసు 63 దినముల యుపవాసముచేఁ బ్రాణములు విడిచెను. ఆ చెఱలోఁ జదువునకు వెల యెంతయో యీ రెండు తేదులే చెప్పుచున్నవి.

ఇందు మార్క్సు, ఎంగెల్సు, రూసో, టామస్ పెయిను మున్నగువారి వాక్యములును, ఆంగ్లకవుల పద్యములును, గొంత యుర్దూ కవిత్వమును గలవు. రాజ్యము, ఆస్తి, కుటుంబము, దండనీతి యనునవి ప్రధాన విషయములు.

పరుల మాటలు వ్రాసికొనినంతనే మనఃపరిణతి యెట్లగునని శంకింపవచ్చును. దీనికి సమాధాన మతని తుదినాళ్ల రచనలలో వెదకవలెను. తీర్పు సమీపించిన 1930 అక్టోబరులోఁ దాను నాస్తికుఁ డగుటకుఁ గారణములను వ్యాసముగా వ్రాసెను. ఆ నిశ్చయము చెఱలోఁ గలిగినది కాదు. 1926 చివరకే కలిగెనని యతఁడే చెప్పెను. మరణ మెదుట నిలిచినపు డది నిలుచునా యనునదే పరీక్ష. ఆ పరీక్షయందు భయమునకుఁ గాక తర్కమునకే యతఁడు చోటిచ్చెను. అక్టోబరు 7వ తేదిని ఉరిశిక్ష విధింపఁబడెను. 1931 ఫిబ్రవరి 2వ తేదిని యువకార్యకర్తలకు వ్రాసిన లేఖలో బాంబులవలనఁ గార్యసిద్ధి లేదనియు, గర్షకులను గార్మికులను సంఘటితపఱుపవలెననియు బోధించెను. బాంబు వేసిన చేయియే రెండేండ్లు నిండకమున్నే యిట్లు వ్రాసెను.

1931 మార్చి 23వ తేదిని, ఇరువదిమూఁడవ యేట, శిక్ష యమలు జరిగెను. కుటుంబమువారు భద్రపఱచిన యీ పుస్తకము 1994లో ముద్రితమైనది. దీనిని ఒంటిగాఁ జదివినచో నుద్ధరణల మూట. ఆ వ్యాసముతోను లేఖతోను గలిపి చదివినచో, పరుల మాటలను బరీక్షించి తన మాటను సంపాదించుకొనిన యొక యువకుని చరిత్రము.